తగ్గిన బరువులో కండ ఎంత?

మధుమేహ రోగికి మన సమాజంలో లభించే ప్రశంస సాధారణంగా ఒక్కటే: "బాగా తగ్గారండీ!" ఆ మాటకు రోగి సంతోషిస్తాడు, ఇంటివారు సంతోషిస్తారు. తూకం చూసిన వైద్యుడు సైతం తల పంకించి, మందుచీటీ మీద తేదీ వేసి పంపుతాడు. తగ్గినది ఏమిటని అడిగేవారు అరుదు. ఆరు కిలోలు తగ్గిన మనిషిలో పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు ఎంత కరిగింది, తొడలలోని కండ ఎంత కరిగింది? ఈ ప్రశ్నకు తూకపు యంత్రం జవాబు చెప్పదు. జవాబు తెలియకుండా ఆ తగ్గుదలను మెచ్చుకోవడం సబబు కాదని నా అభిప్రాయం.

మధుమేహం విషయంలో మనం చక్కెరను కొలుస్తున్నాము, బరువును కొలుస్తున్నాము, రక్తపోటును కొలుస్తున్నాము. కండబలాన్ని మాత్రం కొలవడం లేదు. "తక్కువ తినండి, నడవండి" అన్నది మంచి సలహాయే. కాని వేటపాలెం వంటి చేనేత ఊళ్ళలో తరచుగా కనిపించే సన్నని మధుమేహ రోగికి అది సగం వైద్యం మాత్రమే. తక్కిన సగం కండరాలకు బలం చేకూర్చడం. ఆ సగాన్ని మందుచీటీ మీద రాయవలసిన కాలం వచ్చింది.

కండరం చేసే పని

తెలుగువారికి కండ అనగానే కోడి రామ్మూర్తి నాయుడు గారి బలప్రదర్శనలో, 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచిన కరణం మల్లీశ్వరి గారో గుర్తుకు వస్తారు. అంటే కండను మనం మల్లయోధులకు, క్రీడాకారులకు చెందిన ఆస్తిగా భావిస్తాము. వైద్యుని దృష్టిలో కండరం కాలేయము, మూత్రపిండాల వంటి ఒక ప్రధాన అవయవం. యుక్తవయస్సులో పురుషుల దేహబరువులో సుమారు 40 శాతం, స్త్రీల దేహబరువులో సుమారు 30 శాతం ఈ అవయవమే.

మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. అది అక్కడే నిలిచిపోతే హాని చేస్తుంది కనుక ఎక్కడో ఒకచోట దానిని నిల్వ చేయాలి. కాలేయంలో సుమారు 100 గ్రాములు గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండగలదు. కండరాలలో 400 నుంచి 500 గ్రాముల దాకా నిల్వ ఉండగలదు. సిరద్వారా గ్లూకోజును, ఇన్సులిన్‌ను ఎక్కించి కొలిచిన ప్రయోగాలలో, ఇన్సులిన్ ప్రభావం వలన రక్తం నుంచి తొలగిన గ్లూకోజులో సుమారు 80 శాతం కండరాలలోకే వెళ్ళింది. భోజనం చేసినప్పుడు కాలేయం కూడా తన వాటా తీసుకుంటుంది కనుక ఆ నిష్పత్తి కొంత తగ్గుతుంది. అయినా చక్కెరకు అతి పెద్ద గాదె కండరమే. గాదె చిన్నదైతే ధాన్యం వాకిట్లోనే మిగిలిపోతుంది. కండ తగ్గితే చక్కెర రక్తంలోనే మిగిలిపోతుంది.

ఈ గాదెకు రెండు తలుపులు ఉన్నాయి. మొదటిది ఇన్సులిన్‌తో తెరుచుకుంటుంది. ఇన్సులిన్ వచ్చి తాకగానే కండర కణం లోపల ఉన్న గ్లుట్-4 అనే వాహక మాంసకృత్తులు కణం ఉపరితలానికి చేరి గ్లూకోజును లోపలికి తీసుకుపోతాయి. టైప్-2 మధుమేహంలో ఈ తలుపు బిగుసుకుపోతుంది. దీనినే ఇన్సులిన్ నిరోధకత అంటాము. రెండవ తలుపు ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండా తెరుచుకుంటుంది. కండరం సంకోచించినప్పుడు, అంటే పని చేసినప్పుడు, అవే వాహకాలు వేరొక మార్గంలో పైకి వస్తాయి. మొదటి తలుపు బిగుసుకుపోయిన రోగిలో కూడా ఈ రెండవ తలుపు చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. అందుకే వ్యాయామం మధుమేహంలో అంత విలువైనది. పైగా ఒకసారి గట్టిగా శ్రమించిన కండరం ఆ తరువాత ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్ మాటను మెరుగ్గా వింటుంది.

ఇక్కడ ఒక అతిశయోక్తిని సరిదిద్దాలి. కండ పెరిగితే ఊరికే కూర్చున్నా కొవ్వు కరిగిపోతుందని వ్యాయామశాలల ప్రకటనలు చెబుతుంటాయి. విశ్రాంతిలో ఉన్న కిలో కండరం రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలు మాత్రమే. అది ఒక బిస్కెట్టుకు కూడా చాలదు. కండర ప్రయోజనం కేలరీలను తగలబెట్టడంలో లేదు; చక్కెరను స్వీకరించి, నిల్వ చేసి, వాడుకొనడంలో ఉంది.

సన్నని దేహం, చాటున కొవ్వు

"నేను బక్కపలుచని మనిషిని, నాకు షుగర్ ఏమిటి డాక్టరుగారూ?" అన్న మాట నా వైద్యవృత్తిలో లెక్కలేనన్ని సార్లు విన్నాను. దీనికి సమాధానం 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ఛాయాచిత్రంలో ఉంది. అందులో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తుకు తగిన బరువును తెలిపే సూచిక, అంటే బి.ఎం.ఐ., ఇద్దరికీ 22.3. తూకం ప్రకారం ఇద్దరూ సమానులే. కాని దేహంలోని కొవ్వును కొలిచినప్పుడు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఒకే బరువులో ఒకరికి కండ ఎక్కువ, ఒకరికి కొవ్వు ఎక్కువ.

మన జాతిలో చాలామంది ఆకృతి ఇదే. సన్నని చేతులు, సన్నని కాళ్ళు, నడుము దగ్గర మాత్రం చిన్న బొజ్జ. ఆ కొవ్వు కాలేయంలోకి, కండర కణాలలోకి చొరబడి ఇన్సులిన్ పనిని అడ్డగిస్తుంది. కనుకనే భారతీయులకు బి.ఎం.ఐ. 23 దాటితే అధిక బరువుగాను, 25 దాటితే స్థూలకాయంగాను, నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదంగాను పరిగణిస్తున్నాము. 2023లో ప్రచురితమైన ఐ.సి.ఎం.ఆర్. - ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని ముంగిట ఉన్నారు.

ఇట్టి సన్నని రోగి భయంతో అన్నం సగానికి తగ్గించి, పప్పు, గుడ్డు కూడా మానివేసి, ఉదయం సాయంత్రం నడక ఒక్కటే సాగిస్తే ఏమవుతుంది? బరువు తగ్గుతుంది. చక్కెర కూడా కొంతకాలం తగ్గవచ్చు. కాని అతనికి మొదటే తక్కువగా ఉన్న కండ ఇంకా తగ్గుతుంది. ముప్ఫై ఏళ్ళు దాటినప్పటి నుంచి దశాబ్దానికి 3 నుంచి 8 శాతం చొప్పున కండ క్షీణించడం సహజం. అరవై దాటాక ఆ వేగం హెచ్చుతుంది. ఈ సహజ క్షీణతకు మధుమేహం తోడు, అర్ధాకలి తోడు. పదేళ్ళ తరువాత చక్కెర మళ్ళీ అదుపు తప్పుతుంది. అప్పటికి ఆ మనిషి నేల మీద కూర్చుంటే చేయి ఊతం లేనిదే లేవలేడు. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆ ఇంటి పరిస్థితి ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

మరొక మాట. ఆహారం తగ్గించకుండానే బరువు వేగంగా పడిపోతూ ఉంటే అది మెచ్చుకోవలసిన విషయం కాదు. ఇన్సులిన్ చాలక దేహం తన కండను తానే కరిగించుకుంటున్నదనడానికి అది సూచన కావచ్చు. అటువంటివారు వెంటనే వైద్యుని కలవాలి. వైద్యుడు ఇన్సులిన్ అవసరమంటే వెనుకాడకూడదు. ఇన్సులిన్ కండను కాపాడే మందు కూడా. ఇటీవల మన దేశంలోకి వచ్చిన బరువు తగ్గించే వారపు ఇంజెక్షన్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అధ్యయనాలలో వాటి వలన తగ్గిన బరువులో సుమారు నాలుగవ వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా కొవ్వు కాని కణజాలమని తేలింది. స్థూలకాయులకు అవి మేలు చేసే మందులే. అయితే బలాన్నిచ్చే వ్యాయామము, తగిన మాంసకృత్తులు లేకుండా వాటిని వాడటం మంచిది కాదు.

మగ్గం మీద కష్టం వ్యాయామం కాదా?

వేటపాలెం వంటి చోట ఎదురయ్యే ప్రశ్న ఇది. "మేము కష్టజీవులం, రోజంతా ఒళ్ళు హూనమవుతుంది, ఇంకా వ్యాయామమా?" ఈ ప్రశ్నను తేలికగా తీసివేయకూడదు. గుంట మగ్గంలో కాళ్ళు దించి కూర్చున్న నేతగాడు గంటల తరబడి కాళ్ళతో తొక్కుతాడు, చేతితో నాడె ఆడిస్తాడు. ఇల్లాలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. జీడిపప్పు తయారీలో స్త్రీలు పొద్దస్తమానం కూర్చుని గింజలు కొడతారు, పొట్టు తీస్తారు. ఇవన్నీ కష్టమైన పనులే. నడుము నొప్పి, మెడ నొప్పి, కంటి అలసట వీటి ఫలితాలే.

కాని అలసట వేరు, బలం వేరు. కండరం బలపడాలంటే దానికి అలవాటైన దానికంటె కొంచెం ఎక్కువ బరువు పడాలి, అది క్రమంగా పెరగాలి, నడుమ విశ్రాంతి ఉండాలి. ఇరవై ఏళ్ళుగా ఒకే మగ్గాన్ని ఒకే తీరున తొక్కే కాలికి ఆ పని ఏనాడో అలవాటైపోయింది. పైగా దేహంలోని అతి పెద్ద కండరాలు తొడలలో, పిరుదులలో ఉన్నాయి. కూర్చుని చేసే పనిలో వాటిపై దేహభారం పడదు. చక్కెరను స్వీకరించగల పెద్ద గాదె రోజంతా ఖాళీగా ఉంటే, చిన్న కండరాలు మాత్రం అలసిపోతున్నాయి.

వెనుకటి తరంలో ఈ లోటును ఇంటి పనులు పూడ్చేవి. బావి నుంచి నీళ్ళు చేదడం, బిందె చంకన పెట్టుకుని నడవడం, రోకటితో దంచడం, తిరగలి విసరడం, నేల మీద బాసింపట్టు వేసి కూర్చుని లేవడం, ఇవన్నీ పెద్ద కండరాలకు బరువు పెట్టే పనులు. గ్రైండరు, మోటారు, కుళాయి వచ్చి ఆ శ్రమను తప్పించాయి. అది మంచిదే, ఆ శ్రమలో అత్యధిక భాగం స్త్రీలదే కనుక, తిరిగి రోకలి పట్టమని ఎవరికీ చెప్పలేము. అయితే ఆ పనులతో పాటు పోయిన కండను వేరొక విధంగా తెచ్చుకోవాలి.

అధ్యయనాల సాక్ష్యం

1990లో అమెరికాలోని బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ బృందం వృద్ధాశ్రమంలో ఉన్న పదిమంది చేత బరువులతో కాళ్ళ వ్యాయామం చేయించింది. వారి వయస్సు 86 నుంచి 96 ఏళ్ళు. ఎనిమిది వారాలు పూర్తిచేసిన వారి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. "ఈ వయస్సులో మాకెందుకు" అనే అరవై ఏళ్ళవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

2007లో కెనడాలో 251 మంది మధుమేహ రోగులపై జరిగిన పరిశీలనలో నడక వంటి వ్యాయామం చేసినవారికి, బరువులతో చేసినవారికి ఇద్దరికీ మూడు నెలల సగటు చక్కెర, అంటే హెచ్.బి.ఎ.1సి., తగ్గింది. రెండూ కలిపి చేసినవారికి అంతకంటె ఎక్కువ తగ్గింది. మన సన్నని రోగులకు మరింత దగ్గరి సాక్ష్యం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులది. అధిక బరువు లేని 186 మంది టైప్-2 మధుమేహ రోగులను తొమ్మిది నెలలు పరిశీలించి 2023లో వారు ప్రచురించిన ఫలితాల ప్రకారం, బలాన్నిచ్చే వ్యాయామం చేసినవారిలో హెచ్.బి.ఎ.1సి. 0.44 మేరకు తగ్గితే, నడక, పరుగు వంటివి మాత్రమే చేసినవారిలో 0.24 మేరకు తగ్గింది. సన్నని రోగికి నడక ఒక్కటే చాలదనడానికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం నాకు కనబడలేదు.

చేతి పట్టు బలాన్ని 17 దేశాలలో సుమారు 1,40,000 మందిలో కొలిచిన ప్యూర్ అధ్యయనం 2015లో వెలువడింది. అందులో భారతీయులు కూడా ఉన్నారు. పట్టు బలం 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణ ప్రమాదం 16 శాతం హెచ్చుగా కనిపించింది. ఇది కేవలం సంబంధాన్ని చూపిన అధ్యయనం. పిడికిలి గట్టిపడితే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు. దేహం మొత్తం స్థితికి కండబలం నమ్మదగిన సూచిక అని మాత్రం చెప్పవచ్చు.

తిండి లేనిదే కండ లేదు

గురజాడ తన 'దేశభక్తి' గేయంలో తిండికీ కండకూ ముడిపెట్టారు. ఆ ముడి వైద్యశాస్త్రానికీ సమ్మతమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం ఆరోగ్యవంతునికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. వయస్సు 65 దాటినవారికి కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా ఉండడం మంచిదని వృద్ధాప్య వైద్య నిపుణుల అభిప్రాయం.

ఇందుకు డబ్బాలలో అమ్మే పొడులు అక్కరలేదు. ఒక గుడ్డులో 6 గ్రాములకు పైగా, పావు లీటరు పాలలో సుమారు 8, గుప్పెడు (30 గ్రాముల) వేరుశనగ గింజలలో 7, అంతే తూకం కందిపప్పులో 6 నుంచి 7, 100 గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. చీరాల తీరపు చేప మనకు దూరం కాదు. వేటపాలెం జీడిపప్పు ప్రసిద్ధమే. కాని 100 గ్రాములలో 18 గ్రాముల మాంసకృత్తులతో పాటు 580 వరకు కేలరీలు ఉంటాయి కనుక దానిని రుచికే పరిమితం చేయాలి. మాంసకృత్తులన్నీ రాత్రి భోజనానికే వదిలిపెట్టకుండా మూడు పూటలకు పంచుకోవాలి. కంచంలో అన్నం కొంత తగ్గించి ఆ చోట పప్పు, గుడ్డు, శనగలు, పెసలు చేర్చడం అసలైన పథ్యం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి మాంసకృత్తుల మోతాదు నిర్ణయించుకోవాలి.

ఇంట్లోనే పరీక్ష, ఇంట్లోనే సాధన

మీ కాళ్ళ బలం తెలుసుకొనడానికి ఒక కుర్చీ, ఒక గడియారం చాలు. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి కూర్చోండి. రెండు చేతులనూ ఛాతీపై కట్టుకొని, వీలైనంత వేగంగా అయిదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. పన్నెండు సెకన్లు లేదా అంతకు మించి పడితే కండబలం తగ్గిందని అనుమానించాలి. ఆసియా దేశాల నిపుణులు 2019లో నిర్ణయించిన కొలత ఇది. వృద్ధులు పక్కన ఒకరిని ఉంచుకుని చేయాలి.

సాధనకు వారానికి రెండు మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు చాలు.

1. కుర్చీ నుంచి లేచి కూర్చోవడం. మనవారి గుంజీళ్ళకు ఇది తేలిక రూపం. మోకాళ్ళు సహకరించేవారు క్రమంగా బస్కీలకు వెళ్ళవచ్చు.

2. గోడ దండీలు. గోడకు చేయిచాపు దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, వంగి లేవడం. తరువాత బల్ల అంచున, ఆపైన నేల మీద.

3. అరుగు లేదా మెట్టు ఎక్కి దిగడం. ఒక్కొక్క కాలితో విడిగా.

4. నీళ్ళు నింపిన సీసాలను లేదా బియ్యం నింపిన చిన్న సంచులను నడుము నుంచి ఛాతీ దాకా, ఛాతీ నుంచి తలపైకి ఎత్తడం.

5. గోడ పట్టుకొని మునివేళ్ళపై లేవడం.

ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు చేయాలి. చివరి రెండుసార్లు కష్టమనిపించాలి. 12 సార్లు సులువుగా చేయగలిగితే బరువు కొద్దిగా పెంచాలి. కండ పెరగడానికి కీలకం ఈ పెంపే. దీనితో పాటు వారానికి 150 నిమిషాల నడక కొనసాగించాలి. భోజనం తరువాత పది నిమిషాల నడకకు విశేష ఫలితం ఉంది.

జాగ్రత్తలు తప్పనిసరి. ఇన్సులిన్ గాని గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి వ్యాయామంతో చక్కెర మరీ పడిపోవచ్చు. వైద్యునితో మాట్లాడి మొదలుపెట్టాలి, చక్కెర గాని బెల్లం గాని దగ్గర ఉంచుకోవాలి. గుండెజబ్బు, అదుపులేని రక్తపోటు, మధుమేహం వలన కంటి నరాలలో రక్తస్రావ ప్రమాదం ఉన్నవారు అనుమతి లేనిదే బరువులు ఎత్తరాదు. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు. పాదాలలో స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా చేయకూడదు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం కలిగితే వెంటనే ఆపాలి.

ఊరు చేయవలసిన పని

వ్యక్తి సంకల్పం ఒక్కటే చాలదు. పొద్దంతా మగ్గం మీద ఉండి, మీటరుకు ఇంతని కూలి లెక్కించుకునే మనిషికి అరగంట తీరిక కూడా ఖరీదే. అందుచేత ఇందులో ప్రభుత్వానికి, ఊరికి బాధ్యత ఉంది.

30 ఏళ్ళు దాటినవారికి గ్రామాలలో రక్తపోటు, చక్కెర పరీక్షలు చేస్తున్నారు, నడుము కొలుస్తున్నారు. దానికి కుర్చీ పరీక్షను కూడా చేర్చాలని నా సూచన. ఖర్చు లేదు, యంత్రం అక్కరలేదు, ఒక నిమిషం చాలు. ఆశా కార్యకర్త నోటు పుస్తకంలో చక్కెర అంకె పక్కన "అయిదుసార్లకు ఇన్ని సెకన్లు" అన్న అంకె ఉంటే, ఆరు నెలల తరువాత బరువు తగ్గిన రోగికి కండ నిలిచిందో లేదో కొంతవరకైనా తెలుస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు తీసుకొనడానికి వచ్చి వరుసలో కూర్చునేవారికి ఆ వ్యవధిలోనే ఈ వ్యాయామాలు నేర్పవచ్చు. నేత సహకార సంఘాలు, జీడిపప్పు కేంద్రాలు పూటకు ఒకసారి పది నిమిషాల విరామం ఇచ్చి, అందరి చేత గుంజీళ్ళు తీయించవచ్చు.

ఇది వేటపాలేనికి మించిన పని కాదు. 1918లో ఈ ఊరివారు తమ పూనికతో గ్రంథాలయం స్థాపించుకున్నారు. ఆ సారస్వత నికేతనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆ రోజులలో మన పల్లెలలో గ్రంథాలయం పక్కన తాలింఖానా కూడా ఉండేది; దండీలు, బస్కీలు, కర్రసాము నేర్పేవారు. చాలాచోట్ల తాలింఖానాలు మూతపడ్డాయి. వాటిని కుర్రవాళ్ళ కోసమే గాక, అరవై ఏళ్ళ అమ్మమ్మల కోసం, తాతయ్యల కోసం తిరిగి తెరవాలని నా కోరిక.

పాఠకులకు ఒక విన్నపం. ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలను ఈ వారం కుర్చీలో కూర్చోబెట్టి, అయిదుసార్లు లేచి కూర్చోమని చెప్పి, పట్టిన సెకన్లు రాసి ఉంచండి. తదుపరి పరీక్షకు వెళ్ళినప్పుడు చక్కెర రిపోర్టుతో పాటు ఆ అంకెను కూడా మీ వైద్యునికి చూపించండి. బరువు తగ్గిందని ఆయన మెచ్చుకుంటే, "కండ తగ్గలేదు కదండీ?" అని మర్యాదగా అడగండి.